తుంగకు కొట్టిన మందు

మేము బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర వచ్చింది. తప్పులుంటే మన్నించండి.

రిటైరై అరక్కోణంలో ఇల్లు కట్టుకున్నాక మాకు పట్టిన పీడ తుంగ. ఇక్కడివాళ్లు కోరై అంటారు. పీకితే పైన గడ్డి చేతికొస్తుంది, గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. నాలుగు రోజుల్లో మళ్లీ మొలక. విసిగిపోయి ఎరువుల అంగట్లో గ్లైఫోసేట్ తెచ్చాము. ఆకు మీద పడితే వేరు దాకా దిగి చంపుతుంది, తుంగా పూలచెట్టూ అని చూడదు. డబ్బా మీద రాసే ఉంది, చదివాము కూడా!

కరివేపాకు చెట్టు మొదట్లో పిలకలున్నాయి. వాటి మీదా పడింది. పిలకలకూ తల్లిచెట్టుకూ వేరు ఒకటే కదా, ఆ ఆలోచన రాలేదు. రెండు వారాలకు తుంగ ఎండింది, నెలకు చెట్టూ పోయింది. అమ్మ నాటిన చెట్టు.

వానలు పడ్డాక తుంగ మాత్రం వచ్చింది. నిద్రలో ఉన్న గడ్డలకు మందు చేరదట. ఈ మందు పెస్ట్ కంట్రోల్ వాళ్లే కొట్టాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు వేసిన సంగతీ తర్వాతే తెలిసింది. సర్వీసంతా సర్క్యులర్లు ఫైలు చేసిన మాకు!

ఇప్పుడు వాన వెలిశాక గునపంతో గడ్డతో సహా తవ్వుతున్నాము. అమ్మ ఆ గడ్డలనే ఎండబెట్టి నలుగుపిండిలో కలిపేది.

ఎవరింట్లోనైనా కరివేపాకు పిలక ఉంటే వచ్చే మీటింగుకు తెస్తారా?