కుక్కకు నెత్తురు కారుట

కుక్క ముక్కునుండి నెత్తురు కారినచో “వేడిచేసినది” అని మజ్జిగ పోసి యూరకుండుట మా ఓరుగల్లున పలు యిండ్లలో చూచుచున్నాము. ఇచ్చటి యెండ నెఱిగినవారి కా మాట సహజముగనే తోచును. కాని యీ నెత్తురునకు కారణములు పెక్కు. ఒకదాని మందు మఱియొకదానికి పనికిరాదు.

తఱచుగా వచ్చునది పిడుదుల జ్వరము. పిడుదు కఱచినపుడు ఎర్లికియా యను సూక్ష్మజీవి రక్తమున జొచ్చును. దీనిని 1935లో ఆల్జీరియాలో కుక్కలయందు గుర్తించిరి. డెంగీ వలన మన కందఱకు పరిచయమైన ప్లేట్లెట్లు ఇందును తగ్గును. పొట్టపై ఎఱ్ఱని చుక్కలు లేచును. వేళకు మొదలిడిన డాక్సీసైక్లినుతో చాల కుక్కలు కోలుకొనును. పిడుదులు గోడనెఱ్ఱెలలో గ్రుడ్లు పెట్టును గనుక కుక్కను కడిగినంతనే తీఱదు.

ఎలుకలమందు మఱింత మోసకారి. ఏనుమాములవంటి ధాన్యపు మార్కెట్టున్న యూర ఎలుకలు లేకుండునా, మందు లేకుండునా! మా వీథిలోని యొక కుక్క నాలుగు దినములు పిల్లలతో నాడి అయిదవనాడు ఆయాసముతో కూలెను. నెత్తురు బయటికి రానేలేదు. రొమ్ములో నిండినదని వైద్యుడు చెప్పెను. మా యింటివారు బడిలో పిల్లల నడిగినపుడుగాని అది చచ్చిన యెలుకను తిన్నమాట తెలియలేదు. ఆదిపర్వమున సరమ తన బిడ్డను కొట్టినందుకు జనమేజయు నెదుటనే వాదించెను. మన వాకిటి కుక్క కా నోరు లేదు.

బ్రోమడియోలోను వంటి మందు కాలేయమున విటమిను ‘కె’ చేయు పని నడ్డగించును. రక్తమును గడ్డకట్టించు పదార్థములు అదివఱకున్నవి తీఱుటకు మూడు నుండి అయిదు దినములు పట్టును. అందాక కుక్క హాయిగ తిరుగును. విటమిను ‘కె’ యే విరుగుడు, వారములకొలది యీయవలెను. జింకు ఫాస్ఫైడను నల్లపొడి కీ విరుగుడు పనిచేయదు. కావున పొట్లపు కాగితము పాఱవేయక వైద్యునకు చూపవలెను.

పొలములవైపు తిరుగు కుక్కకు రక్తపింజర భయము కలదు. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796 నాటి తన గ్రంథమున దీనిని “కాటుక రేకుల పొడ” యను తెలుగు పేరుతోనే వర్ణించెను. దీని విషము గడ్డకట్టించు పదార్థములను వ్యర్థముగ ఖర్చుచేయించి, పిదప నెత్తురు నిలువకుండ జేయును. పాము విషమునకు విరుగుడు సూదిమం దొక్కటే దిక్కు.

పుట్టుకతో వచ్చు లోపములును గలవు. డోబర్మను జాతిలో వాన్ విలిబ్రాండు లోప మట్టిది. శస్త్రచికిత్సవేళగాని యిది బయటపడకపోవచ్చును.

ఏది యైనను ఇంటనున్న ఆస్పిరిను బిళ్ల వేయరాదు. అది ప్లేట్లెట్ల బలమును ఇంకను తగ్గించును. పెదవి యెత్తి చిగుళ్లు చూడవలెను. అవి తెల్లబాఱినచో తెల్లవాఱువఱకు ఆగవలదు. మామునూరున పశువైద్య కళాశాల యున్నది. పోవునపుడు కుక్క ఈ వారమున ఏమి తిన్నదో, ఎక్కడ తిరిగినదో పిల్లల నడిగి తెలిసికొని పోవుడు.