బోగీ పొడవు, టేబులు వెడల్పు



పోయిన ఉత్తరంలో మోడల్ రైళ్ళ మాట ఎత్తానో లేదో, ప్రశ్నలు వచ్చిపడ్డాయి. అందరిదీ దాదాపు ఒకటే మాట: "పాసింజరు రైలు సెట్టు కొనాలనుందండీ, ఏది కొనమంటారు?" ఫలానా ఇంజను బాగుంటుందా అని అడిగారే గానీ, ఇంట్లో ఎంత చోటుందో ఒక్కరూ రాయలేదు. గూడ్సు బండికైతే ఎక్కడో అక్కడ సర్దుకోవచ్చు, దాని వ్యాగన్లు పొట్టివి. పాసింజరు బోగీలతోనే తంటా అంతా.

మోడల్ రైళ్ళలో హెచ్‌ఓ స్కేలంటే అసలు బండిలో 87వ వంతు. ఇప్పుడు మన ఎక్స్‌ప్రెస్‌లకి వేస్తున్న ఎల్‌హెచ్‌బీ బోగీ ఇరవై మూడున్నర మీటర్లు ఉంటుంది, హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లు. స్టేషన్లో చూసినట్టే 22 బోగీలూ కావాలంటే ఇంజనుతో కలిపి ఆరు మీటర్లు దాటుతుంది. అపార్ట్‌మెంటు హాల్లో అంత బారు గోడ ఎవరికుంది? ఎన్ స్కేలు 160వ వంతు. అందులో అదే బండి మూడున్నర మీటర్లలో సరిపోతుంది.

పొడవుదేముంది, ఐదారు బోగీలతో సరిపెట్టుకోవచ్చు. మలుపు దగ్గర అలా కుదరదు. డబ్బు తీసే ముందు ఈ పని చేయండి. ఒక అట్టముక్క 27 సెంటీమీటర్ల పొడవు, మూడుమ్ముప్పావు సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించండి. రెండు చివర్ల నుంచి ఐదేసి సెంటీమీటర్లు లోపలికి, వెడల్పుకి సరిగ్గా మధ్యన, చెరో గుండుసూది గుచ్చండి. చక్రాలుండేది అక్కడే. పాత పేపరు మీద దారం కట్టిన పెన్సిలుతో 18 అంగుళాల వ్యాసార్ధంతో మలుపు గీసి, సూదులు రెండూ గీత మీదే ఉండేలా అట్టని జరపండి. అట్ట నడుము గీతకి లోపలివైపు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది, చివర్లు బయటికి 12 మిల్లీమీటర్లు తోసుకొస్తాయి. పక్కన ఇంకో లైను వేశారా, రెండు బళ్ళూ రాసుకుంటాయి. ప్లాట్‌ఫారం పెట్టారా, బోగీ అంచు గీసుకుంటుంది. చాలా హెచ్‌ఓ సెట్లలో వచ్చే మలుపు ఈ పాటిదే, లేదా ఇంకా బిగువు.

ఈ ఆటలో ఉన్నవాళ్ళు పాటించే లెక్క ఒకటుంది. మలుపు వ్యాసార్ధం బోగీ పొడవుకి కనీసం రెండింతలుండాలి, చూడ్డానికి బాగుండాలంటే మూడింతలు. 27 సెంటీమీటర్ల బోగీకి రెండింతలంటే 21 అంగుళాలు. ఎనిమిదడుగులకి నాలుగడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి పరిస్తే దాని మీద 22 అంగుళాల మలుపు మించి పట్టదు. అంటే బొటాబొటి. పొట్టి బోగీలు కూడా చేస్తారు, కిటికీ ఒకటి రెండు తగ్గించి. మోజున్నవాళ్ళు వాటిని చూసి మొహం చిట్లిస్తారు గానీ, తిరిగే బండి తిరగని బండి కంటే మేలని నా అభిప్రాయం.

అందుకే ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి నేను జపాను ఎన్ సెట్లనే చెబుతాను. కాటో కంపెనీ షింకాన్సెన్ (బుల్లెట్ రైలు) సెట్టు తీసుకోండి. బోగీ 16 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. స్టార్టర్ సెట్టు మలుపు 315 మిల్లీమీటర్లు, అంటే రెండింతల లెక్క సరిగ్గా సరిపోయింది. రెండున్నర అడుగుల వెడల్పు టేబులు చాలు. పట్టాలకి కంకర కూడా ప్లాస్టిక్కులో పోతపోసే వస్తుంది, ముక్కకి ముక్క టక్కున తగిలించి, ఆట అయ్యాక ఊడదీసి పెట్టెలో పెట్టుకోవచ్చు. ముందు నాలుగైదు బోగీలతో మొదలుపెట్టి, తరవాత అదనపు సెట్లు కలుపుకుంటూ అసలు బండిలోలాగా 16 దాకా పోవచ్చు.

"అవన్నీ సరే, నాకు మన బండే కావాలి" అంటారా? అదీ న్యాయమే. మన బోగీలు హెచ్‌ఓలో దొరుకుతాయి, చిన్న తయారీదార్లు కొన్ని కొన్ని చేసి అమ్ముతారు, నచ్చింది కనబడినప్పుడే పట్టుకోవాలి. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, హెచ్‌ఓలో పందొమ్మిది పైచిలుకు కావాలి. పట్టాలు మాత్రం 16.5వే, ఎందుకంటే అవి 1435 గేజికి చేసినవి. పక్కనుంచి చూస్తే తెలియదు, ఎదురుగా చూస్తే బండి కాళ్ళు దగ్గరపెట్టుకున్నట్టుంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఇంజనుకీ బోగీలకీ కాలం కలుస్తోందో లేదో మాత్రం చూసుకోండి. పాత మెరూన్ రంగు ఐసీఎఫ్ బోగీలకి డబ్ల్యూడీఎం-2 డీజిలు, నీలం బోగీలకి డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజను, ఎర్ర ఎల్‌హెచ్‌బీలకి డబ్ల్యూఏపీ-7. మెరూన్ బోగీల ముందు డబ్ల్యూఏపీ-7 కట్టి అమ్మే సెట్టు కనబడితే నేనైతే కొనను.

జర్మనీ నుంచి ఎవరైనా మెర్క్‌లిన్ హెచ్‌ఓ సెట్టు తెస్తామంటే ఒక మాట. దాని పట్టాల మధ్య చిన్న చిన్న బొడిపెలుంటాయి, కరెంటు అక్కణ్ణుంచి అందుకుంటుంది. మీ మామూలు హెచ్‌ఓ బళ్ళు ఆ పట్టాల మీద నడవవు, ఆ బళ్ళు మీ పట్టాల మీద నడవవు.

కరెంటు జాగ్రత్త. జపానులో 100 వోల్టులు, అమెరికాలో 120, మనకి 230. అడాప్టరు వెనకాల సన్నని అక్షరాల్లో 100–240 అని ఉంటే సరే, లేదంటే ఇక్కడి ప్లగ్గులో పెట్టకండి. బయటినుంచి తెప్పించే బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పార్సిలు తెప్పించేముందు ఇవాళ్టి రేటు కనుక్కుని, సుంకంతో కలిపి ధర వేసుకోండి.

పాత సెట్టు కొనేవాళ్ళు ఇంజన్ని తిరగేసి చూడండి. చక్రాల మీద రబ్బరు పట్టీ ఎండి పగిలుంటే బోగీలు లాగలేదు, కొత్త పట్టీ దొరుకుతుందేమో కనుక్కోండి. తరవాత పట్టా మీద పెట్టి అతి నెమ్మదిగా నడిపించమనండి. వేగంగా ఏ ఇంజనైనా పోతుంది. నత్తలా పాకుతూ, ఆగకుండా ఒక చుట్టు తిరిగిందంటే మోటారు బాగున్నట్టే. పట్టాలు ఇత్తడివైతే బేరమాడండి, త్వరగా మసకబారి కరెంటు సరిగ్గా అందనివ్వవు. నికెల్ సిల్వరు పట్టాలకి ఆ బెడద తక్కువ.

మీ టేబులు కొలతలు రాసి పంపండి. ఏ మలుపు పడుతుందో గీసి జవాబుతో పాటు పంపుతాను.

ఉంటాను,
మీ రైళ్ళ పిచ్చాడు