మేము ట్యూబును మాత్రమే చూశాం

ముత్యంపేటలో మా ఇంటి డాబా ఎక్కితే, 2015 చివరలో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ కనిపిస్తుంది. శిథిలం అంటే మా పిల్లలకు తెలిసింది అదొక్కటే. గత దసరా సెలవుల్లో పన్నెండేళ్ల మా అబ్బాయి ఫోనులో ఒక వీడియో చూపి, “అబ్బా, మనం కూడా ఇట్లాంటి చోటికి పోదాం” అన్నాడు.

అది మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం. యాత్రికులు ఉదయం ఆల్తున్ హా అనే మాయా నగరపు రాతి కట్టడాల మెట్లెక్కుతారు. మధ్యాహ్నం కేవ్స్ బ్రాంచ్ నదిలో, గాలి నింపిన ట్యూబుల్లో కూర్చొని, చీకటి గుహల గుండా తేలుతూ సాగిపోతారు. అంత దూరం వెళ్లే స్తోమత మాకు లేదు. కాని ప్రాచీన నగరమూ, నదీ ఒకేచోట మన జగిత్యాల జిల్లాలోనే ఉన్నాయి కదా అని కోటిలింగాలకు బయలుదేరాం. తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చిన ఒక ట్రాక్టరు ట్యూబు కూడా బండిలో వేసుకున్నాం.

ఫజ్ర్ నమాజు ముగించుకొని కోరుట్ల, జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లాం. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంది కోటిలింగాల. పైకి చూస్తే మట్టి దిబ్బే. కాని రెండు వేల ఏళ్ల క్రితం అక్కడ కోటగోడల నడుమ ఒక నగరం ఉండేది. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుని పేరు అంతకుముందు పురాణాల్లోనూ, మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనంలోనూ ఉండేది. ఇక్కడ అది నాణేలపై కనిపించింది. అతనికంటే ముందువారైన గోభద, నారన, సమగోప వంటి పాలకుల నాణేలూ ఇక్కడే దొరికాయి. వారి వైభవంలో నేడు మిగిలింది అరచేతిలో ఇమిడే లోహపు బిళ్ల మాత్రమేనని పిల్లలకు చెప్పాం.

శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీరు అక్కడిదాకా విస్తరించి, గోదావరి చెరువులా నిశ్చలంగా కనిపించింది. ఒడ్డు వదలవద్దని చెప్పి అబ్బాయికి ట్యూబు ఇచ్చాం. మాలో ఒకరం చిన్నమ్మాయికి పాత ఇటుక ముక్కను చూపిస్తున్నాం, మరొకరం చాప పరచి అన్నం గిన్నెలు దించుతున్నాం. పిల్లవాణ్ని రెండోవారు చూస్తున్నారని ఇద్దరమూ అనుకున్నాం.

“అమ్మీ!” అన్న కేక విని తల తిప్పేసరికి ట్యూబు చాలా దూరం పోయింది. వాడు చేతులతో తోస్తున్నాడు గాని అది ఒడ్డుకు రావడం లేదు. మా ఇద్దరికీ ఈత రాదు. ఆ క్షణాన సిముకుడూ, నాణేలూ, వీడియో ఏదీ మా మనసులో లేదు. అల్లాహ్‌ను పిలవడం తప్ప మాకు మరేదీ తోచలేదు.

వలలు వేస్తున్న ఇద్దరు పడవ తిప్పి వాణ్ని ఒడ్డుకు చేర్చారు. వారిలో పెద్దాయన కోపగించుకోలేదు. “నీళ్లు నిలవడ్డట్టే కనవడ్తయి సారూ, గాలి మాత్రం నిలవడదు” అన్నాడు. ట్యూబు నీటిలో మునిగేది తక్కువ, గాలికి ఎదురుగా నిలిచేది ఎక్కువ. ప్రవాహం లేనిచోట కూడా గాలి దాన్ని తెరచాపలా తోసుకుపోతుంది. వెనుక ఈదుకుంటూ వెళ్లేవారికి అది అందడం కష్టం.

కృతజ్ఞతతో సజ్దా చేశాం. డబ్బు ఇవ్వబోతే వారు తీసుకోలేదు. మాతోపాటు కూర్చొని నాలుగు ముద్దలు తిని వెళ్లారు.

రాత్రి ఇంటికి చేరాక ఆ వీడియోను మళ్లీ చూశాం. అందులో ప్రతి ఒక్కరి తలపైనా దీపమున్న హెల్మెట్, ఒంటిపై లైఫ్ జాకెట్ ఉన్నాయి. ట్యూబులను ఒకదానితో ఒకటి కలిపారు. వెంట నది తెలిసిన మార్గదర్శి ఉన్నాడు. మేము వారి సరదాను చూశాం, దాని వెనుక ఉన్న జాగ్రత్తను చూడలేదు. పిల్లల కోరిక తీర్చడమే ప్రేమ అనుకున్నాం. వారిపై నుంచి చూపు మరల్చకుండా ఉండటం కూడా ప్రేమేనని ఆ మధ్యాహ్నం మరచిపోయాం.

ఇప్పుడు ఏ చెరువు దగ్గరికి వెళ్లినా, “పిల్లల్ని ఇప్పుడు నేను చూస్తున్నాను” అని మాలో ఒకరు పైకే చెబుతాం. రెండోవారు అది విన్నామని బదులిచ్చాకే గిన్నెలు దించుతాం.