గౌతమి ఎడమ గట్టు మీద

ధవళేశ్వరం నుంచి యానాం దాకా గోదావరి పాయ గౌతమి ఎడమ గట్టు పట్టుకుని సైకిలు మీద బయల్దేరితే వంపులన్నీ కలుపుకుని అటూ ఇటుగా 70 కిలోమీటర్లు. దారి పొడుగునా ఎక్కాల్సిన మెరక లేదు. బ్యారేజీ దగ్గరే డెల్టా నేల సముద్రమట్టానికి 15 మీటర్ల ఎత్తయినా ఉండదు. ఆ కాస్త ఎత్తూ ఇంత దూరంలో మెల్లమెల్లగా తగ్గిపోయి, యానాం చేరేసరికి ఏటి నీళ్ళూ సముద్రపు పోటూ ఒకటైపోతాయి. చదును నేల మీద సైకిలు తొక్కడమంటే అందరికీ హాలండు గుర్తొస్తుంది. అక్కడ మనుషుల కన్నా సైకిళ్ళే ఎక్కువ. దేశంలో నాలుగో వంతు నేల సముద్రమట్టం కన్నా దిగువన ఉంటుంది. సముద్రం లోపలికి రాకుండా కట్టుకున్న గట్ల మీదే, మోటారు బళ్ళ బెడద లేని దారుల్లో, అక్కడి జనం పొద్దస్తమానం తొక్కుకుంటూ తిరుగుతారు. అలాంటి దారి ఇంజనీరు ఆర్థర్ కాటన్ కాలం నుంచీ మనకూ ఉంది. మనమే దాన్ని దారిగా లెక్కెయ్యడం మానేశాం.

1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ ఆనకట్ట పూర్తి చేశాడు. దానికి కావలసిన రాయి ధవళేశ్వరం కొండలోంచే తీశారు. ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా గోదావరికి అడ్డంగా నిలబడి ఉంటుంది. గట్టు ఎక్కబోయే ముందు ఆ కొండకేసి ఒకసారి చూసుకోండి. దాని తరవాత సముద్రం దాకా రాయన్నది లేదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసుక, జిగట మట్టి. గట్టు మీద సైకిలు చక్రం కింద నలిగే ప్రతి గులకరాయీ ఎగువన మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి తోలిందే. నల్ల మట్టి మీద ఎర్ర గ్రావెల్ పరిచి, తడిపి, రోలరు తిప్పుతారు. రెండు చక్రాల జాడలూ గట్టిపడి నున్నగా అవుతాయి. వాటి మధ్య గరిక మొలుస్తుంది. సైకిలుకి కావలసింది ఆ జానెడు జాడే.

డెల్టాలో గట్లకు మొదటి నుంచీ దారిగా వాడుక ఉంది. కాటన్ తవ్వించిన కాలవలు పొలాలకు నీళ్ళు ఇవ్వడంతో ఆగలేదు, పడవలనూ నడిపాయి. కాకినాడ కాలవలోంచి ఏలూరు కాలవలోకి, అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలవల మీదుగా మద్రాసు దాకా సరుకు వెళ్ళేది. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి కాలవ గట్టు మీద నడుస్తూ మనుషులే లాగేవాళ్ళు. అంటే గట్టుని మనిషి అడుగు కొలతకే కట్టారు. లాకుల దగ్గర నీళ్ళు నిండేదాకా పడవ ఆగేది, లాగేవాళ్ళు చెట్టు కింద నడుం వాల్చేవాళ్ళు. ఆ లాకులు చాలాచోట్ల ఇంకా ఉన్నాయి. వాటి పక్క నీడ సైకిలు దిగి కూర్చోడానికి ఇప్పటికీ పనికొస్తుంది.

మొదటి మజిలీ కడియపులంక, బుర్రిలంక. ఇక్కడంతా నర్సరీలు. గట్టు మీద నుంచి చూస్తే కుండీల వరసలు, అంట్లు కట్టే ఆడవాళ్ళు, మొక్కలు ఎక్కిస్తున్న లారీలు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ తొక్కడానికి అంత హాయి కాదు. జొన్నాడ దగ్గర పెద్ద హైవే గోదావరి దాటుతుంది. ఆ చుట్టుపక్కల గట్టు మీదికి ఇసుక లారీలు ఎక్కితే గ్రావెల్ పిండైపోతుంది. ఒక్క సీజనులో చక్రాల గాడులు మోకాలి లోతు పడతాయి. సైకిలు మీద ఉన్న మనిషి దుమ్ములో కళ్ళు మూసుకుని ఒక పక్కకి ఒదిగి నిలబడాల్సిందే. నాకు బాధ కలిగించేది దుమ్ము ఒక్కటే కాదు. గట్టు నలిగితే వరద నాడు కూలేది అక్కడే.

జొన్నాడ దాటాక గట్టు చప్పున నెమ్మదిస్తుంది. కపిలేశ్వరపురం మీదుగా కొంత తారు, కొంత గ్రావెల్, కొంత ఉత్త మట్టి. కుడి పక్క ఏరు, లంకలు, లంకల్లో అరటి తోటలు, కూరగాయల మళ్ళు. ఎడమ పక్క వరి చేలు, కొబ్బరి తోటలు, తాడిచెట్లు, ఊళ్ళు. వరద రోజుల్లో ఇక్కడ నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది, కుడి పక్క నీళ్ళు ఎడమ పక్క ఇళ్ళ కప్పులతో పోటీపడతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గట్లు తెగి లంకలూ ఊళ్ళూ మునిగాక, గట్లన్నీ మళ్ళీ ఎత్తూ వెడల్పూ పెంచి కట్టారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చంటిపిల్లలు తప్ప ఈ లెక్క తెలియనివాళ్ళు ఈ ఊళ్ళలో ఉండరు. హాలండు గట్టు సముద్రాన్ని ఆపుతుంది, మనది ఏటిని ఆపుతుంది. ఆ పక్క నీళ్ళు, ఈ పక్క కాపురాలు. రెండు చోట్లా గట్టు మీద తిరిగేవాళ్ళు అది చూస్తూనే తిరుగుతారు.

కోతల రోజుల్లో గట్టంతా కళ్ళమే. సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు బరకాలు పరిచి ధాన్యం ఆరబోస్తారు. అంచుల్లో ఇటుకలు పెడతారు. ఒక ముసలమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని ధాన్యంలో అరికాళ్ళు ఈడ్చుకుంటూ అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది. ఆమె వెనక సన్నటి చాళ్ళు పడతాయి, అడుగున ఉన్న తడి గింజ పైకొస్తుంది. ఆగి గుప్పెడు తీసుకుంటే పైన వెచ్చగా, కింద చల్లగా తగులుతుంది. అక్కడ సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళడం మర్యాద.

"ఎందాకా బాబూ?"

"యానాం దాకా అండి, మామ్మగారూ."

"ఆయ్, అయితే బేగా ఎల్లిపోండి. మజ్జానం దాటితే గాలి మొగం మీద కొడద్ది."

ఆమె మాట అక్షరాలా నిజం. డెల్టాలో కొండలు లేవు, ఎదురుగాలే కొండ. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. నేల మీద అడ్డు లేక నేరుగా ఒంటికి కొడుతుంది. అందుకే యానాం వెళ్ళేవాళ్ళు తెల్లవారకుండానే తొక్కడం మొదలెట్టాలి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికి పెట్టుకుంటే అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

కోటిపల్లి రేవులో ఆగకుండా ఎవరూ పోరు. సోమేశ్వరుడి గుడి, స్నానఘట్టం, ఆవల ముక్తేశ్వరం. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్ళూ కార్లూ ఏరు దాటుతుంటాయి. మన సైకిలు ఏ మూలో ఇట్టే ఇమిడిపోతుంది. ఈ ఊరికి 1928లో కాకినాడ నుంచి రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ వేసి బండి నడిపేసరికి 2004 వచ్చింది. ఇన్నేళ్ళూ ఊళ్ళ మధ్య రాకపోకలు ఆగకుండా చూసినవి పడవా, ఎడ్ల బండీ, సైకిలూ.

కోటిపల్లి నుంచి పుంత దారుల్లో లోపలికి మళ్ళితే ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి చూడ్డానికే చాలామంది వెళతారు. నేను మాత్రం అక్కడికి వెళ్ళినప్పుడల్లా డచ్చివాళ్ళని తలుచుకుంటాను. 17వ శతాబ్దంలో వాళ్ళు ఇక్కడా, పాలకొల్లులోనూ బట్టల వర్తకానికి కొట్లు పెట్టారు. కాకినాడలోని జగన్నాథపురం 1825 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. నీళ్ళతో బతకడం పుట్టుకతో నేర్చినవాళ్ళు ఈ చదును నేల మీద తిరుగుతూ, గట్టూ కాలవా లేని రోజుల్లో ఈ ఏటిని చూసి ఏమనుకుని ఉంటారో!

కోటిపల్లి దిగువన పచ్చదనం రంగు మారుతుంది. వరి చేల మధ్య రొయ్యల చెరువులు కనిపిస్తాయి, ఏరేటర్లు గిరగిరా తిరుగుతూ తెల్లటి నురగ లేపుతుంటాయి. గాలిలో ఉప్పు తగులుతుంది. ఇంజరం ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరం, సన్నబట్టకి పేరు. అది దాటితే యానాం.

1954 దాకా యానాం ఫ్రెంచివాళ్ళది. శారదా చట్టం వచ్చాక బ్రిటిష్ ఇండియాలో చెయ్యలేని బాల్యవివాహాలకి చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు ఇక్కడికే తరలి వచ్చేవాళ్ళు. ఇప్పుడది పుదుచ్చేరి ఏలుబడి. గౌతమి మీద బాలయోగి వంతెన యానాన్ని ఎదుర్లంకతో కలిపింది. ఎర్రనీరు దిగే రోజుల్లో చేపల బజారులో పులస ధర వినడానికే జనం గుమిగూడతారు. ఇక్కడే కోరంగి పాయ గౌతమి నుంచి విడివడి మడ అడవుల వైపు మళ్ళుతుంది.

ఏరు ఒకటే, ఏలేవాళ్ళు ఇద్దరు. అయినా సైకిలు దారి కోసం నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఈ గట్టుని వెడల్పు చేసి తారు పొయ్యక్కర్లేదు. తారు పోస్తే కార్లొస్తాయి, కార్లొస్తే సైకిలు పోతుంది. ధవళేశ్వరం, జొన్నాడ, కోటిపల్లి, ఇంజరం దగ్గర గట్టెక్కే చోటల్లా రెండేసి రాతి దిమ్మెలు పాతాలి. వాటి మధ్య సందు రైతు ట్రాక్టరు పట్టేంత ఉండాలి, ఇసుక లారీ పట్టనంత ఉండాలి. ఏడాదికోసారి గ్రావెల్ తోలి రోలరు తిప్పాలి. లాకుల దగ్గర మంచినీళ్ళ కుళాయి ఉంటే చాలు. అప్పుడు బడికెళ్ళే ఆడపిల్లలు, పాలవాళ్ళు, చేపల బుట్ట కట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు భయం లేకుండా తొక్కుకుంటారు. ఆ వెనకే సరదాకి వచ్చేవాళ్ళమూ వస్తాం. జులై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం మేమెవరమూ రాకూడదు. రెండో హెచ్చరిక వెలువడిన రోజున గట్టు మీద ఉండాల్సింది ఇసుక బస్తాలు మోసేవాళ్ళే.