నాన్నగారి బుల్లెట్టుకు కొత్త కార్బొరేటర్

పాతబండి వున్న ప్రతి ఇంటిలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వచ్చి తీరుతుంది. దీన్ని వున్నది వున్నట్టుగా దాచుకోవాలా, లేక కొత్త సామాను వేసి నడుపుకోవాలా? మా యింట్లో ఆ మాట కార్బొరేటర్ దగ్గర వచ్చింది. పాత బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు, యెజ్డీలు ఇంకా తిప్పుకొంటున్న కుటుంబాలు మన పల్లె సంఘాల్లో లేకపోలేదు. వారికి పనికి రావచ్చునని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మాది 1972 నాటి 350 సీసీ బుల్లెట్టు. నాన్నగారు 1981లో సెకండుహ్యాండులో కొన్నారు. వారం రోజులూ బడిపంతులు, ఆదివారం వాక్య పరిచారకులు. అన్నవరం నుండి కత్తిపూడి, అక్కడినుండి శంఖవరం, రౌతులపూడి వైపు పల్లెలకు ఆ బండి మీదనే వెళ్లేవారు. వెనుక సీటు మీద ఒకసారి జబ్బు మనిషి, ఒకసారి బియ్యం బస్తా, మరోసారి పెండ్లికొడుకు. ఆ బండి పుట్టుక ఇంగ్లండైనా పెంపకం మద్రాసు. సరిహద్దు పహరాకు మన సైన్యం ఈ బండ్లను కోరిన తరువాత 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట్లో భాగాలు ఓడల మీద వచ్చేవి, క్రమంగా అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1970 నాటికి ఇంగ్లండులో ఆ తయారీ ఆగిపోయినా మద్రాసులో ఆగలేదు.

నాన్నగారు దాన్ని స్టార్టు చేయడం చిన్నప్పుడు మాకొక వేడుక. ముందు పెట్రోలు ట్యాపు తిప్పేవారు. తరువాత కార్బొరేటర్ మీది టిక్లర్ అనే చిన్న బొత్తాన్ని వేలితో నొక్కి పట్టుకొనేవారు. లోపలి ఫ్లోటు దిగి, పెట్రోలు పొంగి, వేలు తడిసేది. అటు తరువాత కిక్కును మెల్లగా తొక్కుతూ ఆమ్‌మీటరు ముల్లు నడిమికి వచ్చేవరకు చూసి, డీకంప్రెషర్ మీట నొక్కి, ఇంకొంచెం దించి, అప్పుడు ఒక్క తొక్కు. రెండో తొక్కు నాకు గుర్తులేదు. ఆయన చేతికి ఆదివారం పూట కూడా పెట్రోలు వాసన వుండేది.

ఆయన 2009లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. బండి నా వంతుకు వచ్చింది. జీడితోటకూ, పల్లెలకూ దాని మీదనే తిరుగుతున్నాను.

ఆ పాత కార్బొరేటర్ అమాల్ మోనోబ్లాక్. ఫ్లోటు గది వేరుగా తగిలించినది కాక, ఒకే పోతలో వుండడం వల్ల దానికి ఆ పేరు. కార్బొరేటర్ చేసే పని దోమలమందు కొట్టే ఫ్లిట్టు పంపు చేసే పనే. ఇరుకు గొంతులోంచి గాలి వడిగా పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, క్రింది నుండి పెట్రోలు సన్నని జెట్టు గుండా పైకి లేచి తుంపరగా గాలిలో కలుస్తుంది. గాలి ఎంత పోవాలో చెప్పేది పైకీ క్రిందికీ జరిగే స్లైడు. ఆ ఒళ్లు, స్లైడు రెండూ జింకు కలిసిన మెత్తని లోహంతో పోసినవి. ఏభై యేళ్లు ఒకదానిమీద ఒకటి రాసుకొంటే రెండూ అరుగుతాయి. అరిగిన సందులోంచి, ఎవరూ లెక్కకట్టని గాలి లోపలికి పోతుంది. వేగంగా పోయేటప్పుడు తెలియదు. మెల్లగా పోయేటప్పుడు, సిగ్నలు దగ్గర నిలిచినప్పుడు ఇంజను ఒకసారి రంకె వేస్తుంది, ఒకసారి ఆగిపోతుంది.

కార్తీక మాసంలో అన్నవరం దగ్గర హైవే ఎలా వుంటుందో మీరు చూసే వుంటారు. యాత్రికుల బస్సులు, విశాఖ వైపు పోయే లారీలు. నా భార్యను వెనుక కూర్చోబెట్టుకొని అడ్డంగా దాటుతుండగా నడిరోడ్డు మీద బండి ఆగిపోయింది. ఆమె దిగి తొయ్యగలిగింది గనుక సరిపోయింది. లారీ అతను బ్రేకు వేసిన చప్పుడు ఆ రాత్రి నిద్రలో కూడా వినిపించింది. అప్పటివరకు ఆ జబ్బును ముసలితనం అని సర్దుకొన్నాం. ఆనాటి నుండి ఆమె ఆ బండి ఎక్కనంది. నేనామెను తప్పుపట్టలేదు.

తునిలో ఒక పెద్దవయసు మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన ముందుగా కార్బొరేటర్ విప్పి, ఇంజనుకు బిగించే ఫ్లాంజిని గాజుపలక మీద పెట్టి చూపించారు. రెండు నట్లను ఎన్నో యేళ్లుగా గట్టిగా బిగించి బిగించి ఆ ముఖం వంగిపోయింది. దాన్ని గాజు మీద ఎమెరీ కాయితం పరచి రుద్ది సమం చేశారు. కొత్త ప్యాకింగు వేశారు. సగం జబ్బు తగ్గింది. మిగిలిన సగం స్లైడులోనిది. “ఆయ్, స్లైడు ఒక్కటీ కొత్తది వేస్తే లాభం లేదండి, ఒళ్లే అరిగింది. దాన్ని బోరు చేసి, స్లైడుకు తొడుగు వేయాలి. లేదంటే వేరేది పెట్టుకోవాలండి” అన్నారు. తొడుగు పని చక్కగా చేసేవారు వున్నారు గాని, అది దూరమూ ఖర్చూ.

ఇక్కడ హైదరాబాదు నుండి అన్నయ్య అడ్డం పడ్డాడు. “ఒరేయ్, దాన్ని ముట్టుకోకు. అది వింటేజ్ అవుతుంది” అన్నాడు. అతని మాటలో బలం లేకపోలేదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం ఏభై యేళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో వున్న బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టరు చేయడానికి ఇరవై వేల రూపాయల ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. అయితే అదే నిబంధనలో ఇంకొక మాట వుంది. ఆ నంబరు తీసుకొన్న బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకు తీసుకుపోవచ్చును. రౌతులపూడిలో ఆదివారం ఆరాధన ఆ జాబితాలో లేదు.

ఫోనులో మా వాదన చాలాసేపు నడిచింది. అమ్మ వింటూనే వుంది. చివరకు ఫోను తీసుకొని, “మీ నాన్నగారు దాన్ని చూసుకోడానికి కొన్నారా, తిరగడానికి కొన్నారా?” అంది. అన్నయ్య ఏమీ అనలేదు, కాని ఒప్పుకోనూ లేదు.

మా సంఘపెద్ద ఒకాయన, పాతబట్టకు కొత్తగుడ్డ మాసిక వేస్తున్నావా అని పరిహాసమాడారు. అందరం నవ్వాము. నాకు మాత్రం ఆ మాట ఉపయోగపడింది. మాసిక చినుగు పెద్దది చేస్తుంది గనుక చెడ్డది. మరి, దేన్నీ కోయకుండా, రంధ్రం పెట్టకుండా, రెండు నట్లు విప్పితే మళ్లీ పాతదే కూర్చొనేలా వేస్తే? మెకానిక్కుతో అదొక్కటే షరతు పెట్టాను. బండిలో దేన్నీ కోయకూడదు. అన్నయ్య కూడా ఆ షరతు విని మెత్తబడ్డాడు.

కొత్తది ఏది అన్నది రెండో ప్రశ్న. తరువాతి కాలపు బుల్లెట్లకు వచ్చిన సీవీ రకం ఒకటుంది. దానిలో స్లైడును మన చెయ్యి కాక, ఇంజను పీల్చే గాలే రబ్బరు పొర ద్వారా ఎత్తుతుంది. నడక మెత్తగా వుంటుంది, పెట్రోలూ పొదుపే. అయితే ఒళ్లు పొడవు, బిగించడానికి రబ్బరు మానిఫోల్డు కావాలి, మా బండిలో దానికి చోటు చేయాలంటే ఏదో ఒకటి మార్చక తప్పదు. అందుచేత వద్దన్నాము. తీసుకొన్నది మిక్‌కార్బ్ వీఎం 24. తరువాత వచ్చిన పాత తరహా బుల్లెట్లకు కంపెనీయే అది వేసింది. 24 అంటే గొంతు వ్యాసం, మిల్లీమీటర్లలో. అది జపాను మికునీ రూపకల్పన, మన దేశంలోనే తయారైనది. జెట్లు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయి. అయితే కొనేటప్పుడు జాగ్రత్త. జెట్టు మీద అంకె ఒకటి, లోపలి రంధ్రం ఇంకొకటిగా వుండే నకిలీలు బజారులో వున్నాయి.

బిగించడానికి ఒక పూట పట్టింది. ఇంజనుకూ కార్బొరేటర్‌కూ నడుమ, వేడి దాటకుండా బేకలైటు దిమ్మ వేశారు. ఇది చిన్నవిషయంగా కనబడుతుంది గాని, మే నెలలో వేడికి పెట్రోలు మరిగి బండి ఆగకుండా కాపాడేది అదే. పాత ఎక్సలేటరు కేబులు చివర దీనికి సరిపోదు, కేబులు మార్చాము. గాలి ఫిల్టరుకు రబ్బరు గొట్టం వేరేది. టిక్లర్ వుండదు, దాని బదులు పక్కన చోక్ మీట.

అసలు పని ఆ తరువాతే. ఎయిర్ స్క్రూను పూర్తిగా లోపలికి మెల్లగా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కు తీసి మొదలుపెట్టాలి. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు ఎక్కువ, బయటికి తిప్పితే గాలి పాలు ఎక్కువ. ఇంజను వేడెక్కాక, ఎక్కడ నిలకడగా కొట్టుకుంటే అక్కడ వుంచాలి. కొన్ని కిలోమీటర్లు పోయి ప్లగ్గు విప్పి చూస్తే అదే చెబుతుంది. మసి పట్టి నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా వుంటే తక్కువ, బిస్కట్టు రంగుంటే సరి. మాకు మొదట తెల్లగా వచ్చింది. దీనికి ఇప్పటి పెట్రోలు కూడా కొంత కారణం. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతానికి చేరింది. అది కలిసిన పెట్రోలు అదే జెట్టులోంచి పోతే మిశ్రమం పల్చబడుతుంది. పల్చని మిశ్రమంతో ఇంజను కాగిపోతుంది. మెకానిక్కు మెయిన్ జెట్టు ఒక మెట్టు పెద్దది వేశారు, సూది క్లిప్పును ఒక గాటు దించి సూదిని పైకి లేపారు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను కూడా మెత్తబరుస్తుంది గనుక గొట్టం కూడా మార్చాము. బండి వారం పైగా నిలిపే పనైతే ట్యాపు కట్టేసి, గదిలోని పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపమన్నారు.

మూడో ఆదివారం నా భార్య తనంతట తానే వచ్చి వెనుక కూర్చుంది. హైవే దాటేచోట నా భుజం మీద ఆమె చెయ్యి బిగుసుకోవడం తెలిసింది. ఇంజను మాత్రం గడియారంలా కొట్టుకొంటూనే వుంది.

పాత అమాల్‌ను కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, స్లైడు, సూది, జెట్లు వేరువేరుగా గుడ్డలో చుట్టి బిస్కట్ల డబ్బాలో పెట్టాను. సూది క్లిప్పు ఎన్నో గాటులో వుండేదో, స్క్రూ ఎన్ని చుట్లు తీసి వుండేదో కాయితం మీద రాసి అందులోనే వేశాను. అన్నయ్య క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ డబ్బా తెరిచి చాలాసేపు చూశాడు. తరువాత బండి తాళం అడిగాడు. కిక్కు తొక్కబోతూ వంగి, అలవాటు చొప్పున బొటనవేలితో టిక్లర్ కోసం తడుముతున్నాడు. అరుగు మీదనుండి అమ్మ చూసి, “అది ఇప్పుడు లేదురా. పక్కన చిన్న మీట వుంటుంది చూడు, అది వెయ్యి” అంది.