పతంగులకని పోయి...

సంక్రాంతికి నగరం ఖాళీ అయింది. విజయవాడ రోడ్డు మీద కార్లు బారులు తీరడం టీవీలో చూసి, ఎక్కడికీ పోని మాలాంటివాళ్లం కాస్త గర్వపడ్డాం. మా పక్కింటావిడ తులసికి నీళ్లు పోయమని తాళంచెవి ఇచ్చి వెళ్లింది. అరిసెలు వచ్చాక తెస్తానంది.

నాంపల్లి నుమాయిష్‌కు ఒక సాయంత్రం పోయి, జనాన్ని చూసి, మిర్చిబజ్జీలు తిని వచ్చేశాం. 1938 నుంచి జరుగుతున్న ప్రదర్శనట, నా కాళ్ల నొప్పి కోసం ఆగుతుందా!

పతంగుల కోసం గుల్జార్ హౌజ్ పోయిన సంగతే చెప్పాలి. చైనా మాంజా అడగొద్దని కొట్టతను ముందే దండం పెట్టేసరికి మావాడు అలిగాడు. వాడి అలక తీరేదాకా పక్కనే ఫ్రేములు కట్టే కొట్టు ముందు నిలబడ్డాను. వెంకన్న పటానికీ మక్కా పటానికీ నడుమ చార్మినార్ వీధి పాత ఫొటో ఒకటుంది, టీ మరకలాంటి రంగులో.

"రాజా దీన్‌దయాళ్ తీసింది సార్" అన్నాడాయన. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు మరి. ఊరూపేరూ లేని చాటుపద్యాన్ని శ్రీనాథుడికి అంటగట్టినట్టు, హైదరాబాదులో పాత ఫొటో ఏది దొరికినా దీన్‌దయాళ్‌దే అంటాం. దీనిమీద సంతకమూ లేదు, తేదీ లేదు. నేనే ఆరా తీశాను. చార్మినార్‌కు గడియారం ఉంది, అది పెట్టింది 1889లో. పత్తర్‌గట్టి రాతి కమానులు మాత్రం లేవు. 1908 మూసీ వరద తరవాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాక లేచినవి అవి. ఈ రెండింటి మధ్యదే ఫొటో అని తేల్చి చెబితే, "ఇంతకీ ఎంతిస్తారు సార్?" అన్నాడు.

నా కళ్లు మాత్రం మినార్ల మీద నిలవలేదు. కింద ఎద్దుబండి ఒకటి ఆగి ఉంది. కొమ్ముల కొసలు కూడా లెక్కగా పడ్డాయి గానీ, ఒక ఎద్దుకు తోకలు రెండు! కెమెరా కన్ను తెరిచి ఉన్నంతసేపూ కదిలినవి చెదిరిపోతాయి కదా. నడిచే జనమంతా నేలబారు పొగలా ఉన్నారు, అందులో ఎంత పెద్ద నవాబు ఉన్నాడో ఏమో. నెత్తిన తట్టతో ఒక కుర్రాడు మాత్రం కెమెరాను చూస్తూ బిగుసుకుపోయాడు. వాడి చొక్కా గుండీ ఊడిన సంగతి కూడా తెలుస్తోంది.

"పని ఎగ్గొట్టి నిలబడ్డాడు నాన్నా" అన్నాడు మావాడు, అలక మరిచి. తట్టలో ఏముందో ఇద్దరం తేల్చుకోలేకపోయాం. నేను జామకాయలన్నాను, వాడు పతంగులే అన్నాడు.

"మరి ఆకాశంలో ఒక్కటీ లేదేం?"

ఆ కాలపు గాజుపలకలకు నీలం వెలుగు మరీ ఎక్కువ అంటేదనీ, అందుకే ఆకాశం ఉత్త తెలుపుగా వచ్చేదనీ, మబ్బులకే దిక్కు లేదనీ చెప్పాను. నమ్మలేదు.

బేరమాడి కొన్నాను. ఫ్రిజ్ పైన గోడకు తగిలిస్తే, "ఇల్లు సర్దేది నేనూ, మేకులు కొట్టేది మీరూ" అంది మా ఆవిడ.

కనుమ నాడు పొద్దున చూస్తే ఫ్రేము అద్దం మీద, సరిగ్గా చార్మినార్ నెత్తిన, ఎర్ర స్కెచ్‌పెన్నుతో పతంగి. పొడుగాటి తోక కూడా.

"మన పతంగులకు తోకెక్కడిదిరా?" అన్నాను.

"ఎద్దుకు రెండున్నాయిగా, ఒకటి తీసి పెట్టాను" అన్నాడు.