భవిష్యత్తు చేతికి సితారు

అభిమాని అంత మంచివాడు లోకంలో ఉండడు. డబ్బిచ్చి కొంటాడు, నలుగురికీ చెప్పి కొనిపిస్తాడు, ఎవరైనా ఒక మాటంటే తన ఇంటిపేరునే తిట్టినట్టు మీదికొస్తాడు. ఇంత చేసి ప్రతిగా అడిగేది ఒక్కటే: బాబూ, నువ్వు మాత్రం మారకు! చిక్కంతా అక్కడే వస్తుంది.

ఈ చిక్కుని బాగా చవిచూసిన జంట ఒకటి ఇంగ్లండులో ఉంది. గ్యారీ కొబేన్, బ్రయన్ డూగన్స్. 1980ల నడుమ మాంచెస్టరులో ఎలక్ట్రానిక్స్ చదువుకుంటూ స్నేహితులయ్యారు. జంటగా పెట్టుకున్న పేరు 'ద ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్'. అంటే లండన్ నగరపు రేపటి ధ్వని అన్నమాట. సరంజామా కూడా పేరుకి తగ్గట్టే ఉండేది: సింథసైజర్లు, కంప్యూటర్లు, పాత రికార్డుల్లోంచి కత్తిరించి తెచ్చుకున్న ముక్కలు. వీటితో 1991లో 'పాపువా న్యూ గినీ' కట్టారు. 1994లో వచ్చిన రెండు డిస్కుల 'లైఫ్‌ఫామ్స్' బ్రిటన్ అమ్మకాల పట్టికలో 6వ స్థానం దాకా ఎక్కింది. ఆ రోజుల్లోనే ఇంకో తమాషా చేశారు. ఊరూరా తిరిగి వేదికలెక్కకుండా, తమ స్టూడియోలో కూర్చునే ఐ.ఎస్.డి.ఎన్. అనే టెలిఫోను లైన్ల మీద కచేరీని రేడియో స్టేషన్లకి పంపించారు. రేపటివాళ్ళు అనిపించుకోడానికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

1996లో 'డెడ్ సిటీస్' వచ్చింది. ఆ తరవాత చాలాకాలం పెద్దగా అలికిడి లేదు. కొబేన్‌కి ఆరోగ్యం చెడింది. పళ్ళలో నింపిన పాదరసం ఒంటికి విషమైందని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. ఇద్దరూ ఎవరికి వారుగా మన దేశం వచ్చి తిరిగి వెళ్ళారు. చివరికి 2002లో 'ది ఇజ్‌నెస్' అనే ఆల్బమ్ బయటికొచ్చింది. పెట్టి వింటే ఏముంది? సితారు! కరెంటు అక్కర్లేని గిటారు! మనుషులు నోరారా పాడే పాటలు! 1960లలో బీటిల్స్ వాళ్ళ కాలాన సైకెడెలిక్ అని పేరుపడిన, కలలో నడుస్తున్నట్టుండే సంగీతం.

దాంతో అభిమానులు రెండు జట్లయ్యారు. కొత్త తలుపు తీశారని కొందరు మురిసిపోయారు. రేపటి ధ్వని అని బోర్డు కట్టి నిన్నటి సరుకు అమ్ముతున్నారని కొందరు మండిపడ్డారు. నిజానికి బ్రిటన్‌లో ఆ అట్ట మీద వేసిన పేరు వేరే: 'అమార్ఫస్ ఆండ్రోజినస్'. పోనీ, పేరు వేరని సరిపెట్టుకుందామా అంటే, 1993లో అదే పేరుతో వచ్చిన 'టేల్స్ ఆఫ్ ఎఫిడ్రినా' పూర్తిగా యంత్రాల సంగీతమే! పాపం, అభిమానికి ఆ ఓదార్పూ సరిగ్గా దక్కలేదు.

ఈ జంట కలుసుకున్న మాంచెస్టరులోనే 1966 మే 17న ఇంకో గొడవ జరిగింది. బాబ్ డిలన్ కచేరీ. మొదటి సగం మామూలు గిటారుతో పాడాడు. రెండో సగంలో ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని బృందంతో వచ్చాడు. జనంలోంచి ఒకడు, ముప్పై నాణాలకి గురువుని పట్టిచ్చిన యూదా పేరు పెట్టి కేకేశాడు. అప్పుడు కరెంటు పెట్టినందుకు ద్రోహం. 36 ఏళ్ళ తరవాత కరెంటు తీసినందుకు ద్రోహం. అంచేత నేరం కరెంటుది కాదని తేలిపోయింది.

నా సంగతి చెబుతాను. నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో తోటి ఉద్యోగి ఒకాయన 'లైఫ్‌ఫామ్స్'ని క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చాడు. తెల్లవారుజామున మూడింటికి, ఫ్యాను చప్పుడులో కలిసిపోయి ఆ నీటి చుక్కలూ, పేరు తెలియని పక్షుల కూతలూ వినిపిస్తుంటే నిద్రా మెలకువా కాని ఒక ఊరికి వెళ్ళివచ్చేవాణ్ణి. అలాంటివాడి చేతికి సితారు ఆల్బమ్ వస్తే కినుక రాదూ? వచ్చింది. అది తప్పని ఇప్పటికీ అనను. కాకపోతే నేను పోగొట్టుకున్నదేమిటని లెక్క చూసుకున్నాను. ఆ డ్యూటీలు పోయాయి, ఆ వయసు పోయింది, క్యాసెట్ ఇచ్చినాయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఇవన్నీ తిరిగి తెచ్చే బాధ్యత ఇద్దరు బ్రిటిషువాళ్ళ నెత్తిన పెట్టడం కాస్త ఎక్కువే సుమండీ.

ఇంకో లెక్క కూడా ఉంది. 1994 నాటి భవిష్యత్తు 2002కల్లా గతమైపోదూ? అప్పటి యంత్రాల్నే పట్టుకుని కూర్చుంటే పాత సరుకు అమ్మినట్టయ్యేది అప్పుడే. పైగా, యంత్రాల పాటని మనం పేరుపెట్టిన ఆ 'పాపువా న్యూ గినీ'లో ప్రాణమంతా ఒక ఆడమనిషి గొంతులో ఉంది. ఆమె లీసా జెరార్డ్. 'డెడ్ కెన్ డాన్స్' బృందం 1987లో చేసిన రికార్డులోంచి తెచ్చిన గొంతు అది. మొదట్లో మనుషుల గొంతుని కత్తిరించి తెచ్చుకున్నారు. తరవాత మనుషుల్నే పిలిపించుకున్నారు. మరీ అంత దూరం ప్రయాణం కాదేమో!

ఆ తరవాత 2005లో 'ఆలిస్ ఇన్ అల్ట్రాలాండ్' అంటూ అదే సితారు దారిలో ఇంకొంత నడిచారు. 2007 నుంచి పాత పేరుతో, బీరువాలో దాచిన యంత్రాల సంగీతాన్నీ వరసగా బయటపెట్టారు. ఒకే ఇంటికి రెండు వాకిళ్ళు. ఏ అభిమానికి నచ్చిన వాకిట్లో వాడు చెప్పులు విడవచ్చు.

'ది ఇజ్‌నెస్'లో సగం నాకు పట్టింది, సగం పట్టలేదు. పట్టని సగం గురించి గొణుక్కునే హక్కు నాకుంది, డబ్బిచ్చి కొన్నవాణ్ణి. సితారు పట్టుకునే హక్కు వాళ్ళకుంది, చేతులు వాళ్ళవి.